పూత తినే పొడి

జనవరి 11

సున్నాకు పద్దెనిమిది డిగ్రీలు కింద. సరస్సు అంచు గడ్డకట్టింది. ఈ చలికి గరాజులో స్ప్రే డబ్బా నొక్కితే పూత తుంపరగా రాదు, ఉమ్మినట్టు వస్తుంది. వేయలేదు.

మోడల్ రైలు చివర తగిలించే గార్డు పెట్టె వంటింటి బల్ల మీదే ఉంది. కేకు మీద బోర్లించే గాజు మూత కింద.

జనవరి 12

చలి తగ్గలేదు. వేయలేదు.

జనవరి 16

గోర్డీ వచ్చాడు. బూట్ల మంచు గుమ్మం దగ్గర దులపకుండా తిన్నగా వంటింట్లోకి నడిచి, గాజు మూత మీదికి వంగి చూశాడు. ఒకప్పుడు గనుల నుంచి రేవుకు ఇనుప ఖనిజం రైలు నడిపినవాడు. ఇప్పుడు మా మోడల్ రైళ్ల క్లబ్బుకు పెద్ద.

“ఇంకా వేయలేదా?”

“చలిగా ఉంది.”

“మా గరాజులో హీటరుంది. పట్టుకురా. పావుగంట పని.”

“గాలిలో తేమ ఉంటుంది.”

“జనవరిలో తేమా? గాలి ఎంత పొడిగా ఉందంటే, పొద్దున కుక్క ముక్కు మీద వేలు పెడితే నిప్పురవ్వ లేచిందయ్యా! అదో మూలకి, నేనో మూలకి. తేమంట!”

కాఫీ పోసి ఇచ్చాను. గొంతు తగ్గించాడు.

“చూడు హార్లన్. మే నెలలో పాత స్టేషను మ్యూజియంలో మన రైలు పెడుతున్నాం. ఇంజను సిద్ధం. వ్యాగన్లు సిద్ధం. తోక లేదు. పూత వేయనిదేదీ పట్టాల మీదికి రాకూడదని నియమం పెట్టింది నువ్వే కదా?”

“నేనే.”

“పోనీ నా దగ్గర పచ్చ గార్డు పెట్టె ఉంది. అది తగిలించనా?”

“వద్దు.”

“వద్దంటే వేసి ఏడు మరి.”

అన్నాక ఆ మాటకి తానే నొచ్చుకున్నాడు. వెళ్తూ నా భుజం మీద చెయ్యి వేశాడు. వెళ్లాక నేల తుడిచాను.

జనవరి 27

మంచు తుపాను. వేయలేదు.

ఫిబ్రవరి 2

కట్టడం నాది. వయసు పెట్టడం మా ఆవిడ మార్లిస్‌ది. ‘వయసు పెట్టడం’ అన్న మాట ఆమెదే.

నేను నేలమాళిగలో కూర్చుని కట్టి, రంగు వేసి పైకి పంపేవాణ్ణి. అరచేతిలో పట్టే పెట్టె, అప్పుడే బొమ్మల దుకాణం నుంచి వచ్చినట్టుండేది. ఆమె వంటింటి బల్ల దగ్గర రంగు సుద్దల్ని బ్లేడుతో గీకి, ఆ పొడిని కుంచెతో అద్దేది. మేకుల చుట్టూ తుప్పు. పొగగొట్టం కింద మసి. మెట్ల మీద, కిటికీల అంచున ఖనిజం ధూళి. వాళ్ల నాన్న ఈ లైన్లోనే గార్డు. ఆయన బట్టలు ఉతికిన ఇద్దరు కూతుళ్లలో మార్లిస్ చిన్నది. ఖనిజం ఎరుపు ఏ ఎరుపో ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు.

పొడి ఊరికే నిలవదు. వేలు తగిలితే పోతుంది. అందుకే పైన మెరుపు లేని క్లియర్ పూత కొట్టాలి. కొట్టిన వెంటనే పొడి సగం మాయమవుతుంది. ఇది ఈ పని చేసే ప్రతివాడికీ తెలుసు. రేణువుల మధ్య ఖాళీల్లో పూత నిండితే వెలుతురు చెదరదు, కాబట్టి కంటికి కనబడదు. నేను కాలేజీలో చదువుకున్న సంగతి అది. మార్లిస్ మాత్రం ‘నీ పూత ఆకలి మీదుంది’ అనేది.

అందుకని విడతలుగా చేసేవాళ్లం. ఆమె కొంచెం పొడి పెట్టి ఇస్తే నేను గరాజులో పూత కొట్టి ఆరబెట్టి తెచ్చేవాణ్ణి. ఆమె ఊపిరితిత్తులకు ఆ వాసన పడదు, కాబట్టి డబ్బా ఎప్పుడూ నాదే. మళ్లీ ఆమె పొడి, మళ్లీ నా పూత. ఒక్కోదానికి నాలుగైదు విడతలు.

“ఏమండీ ఇంజనీరు గారూ, మీ పూత నా తుప్పంతా మింగేసింది.”

“మళ్లీ పెట్టు.”

“పెడతాను. మిమ్మల్నీ మీ పూతనీ మేపడానికే కదా పుట్టాను.”

సెప్టెంబరులో ఈ గార్డు పెట్టె చేసింది. వాళ్ల నాన్న ఎక్కిన పెట్టె నంబరే వేయించింది. ముక్కుకు ఆక్సిజను గొట్టంతోనే కూర్చుంది. గొట్టం బల్లకు తట్టుకుంటుంటే చెవి వెనక్కి తోసుకుంటూ పనిచేసింది. పూర్తయిందని చెప్పి పడుకుంది. నేను డబ్బా పట్టుకునేలోపే ఆసుపత్రికి వెళ్లాం.

ఇప్పుడు పూత వేస్తే సగం పోతుంది. రెండో విడతకు ఎవరికిచ్చేది?

ఫిబ్రవరి 3

నిన్న రాసింది చదివాను. అంత లేదు. చలి తగ్గగానే వేస్తాను.

ఫిబ్రవరి 17

చక్రాలు పట్టాల మీద సరిగా కూర్చుంటాయో లేదో చూడాలని గోర్డీ అంటే, గార్డు పెట్టెను క్లబ్బుకు తీసుకెళ్లాను. చర్చి కింది హాలులో అందరూ ఉన్నారు. ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. చక్రాలు బాగానే కూర్చున్నాయి.

పళ్ల డాక్టరు లోరెన్ కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, దగ్గరగా చూశాడు.

“ధూళి కొంచెం ఎక్కువైంది కదూ? నంబరే కనబడటం లేదు. పాపం, చివర్లో మార్లిస్ చెయ్యి బరువెక్కినట్టుంది.”

“నువ్వు నోళ్లలోకి చూసుకో లోరెన్,” అన్నాను.

గోర్డీ గట్టిగా దగ్గాడు. నేను పెట్టెను గుడ్డలో చుట్టుకుని ఇంటికి వచ్చేశాను.

లోరెన్ చెడ్డవాడు కాదు. అతనన్నది అబద్ధమూ కాదు. మొదటి రోజే నాకూ అలాగే అనిపించింది. ఆ మందులకు వేళ్లు వణికేవి. చూపు అలికినట్టు ఉందనేది. ఎప్పుడూ చాలీచాలనట్టు పెట్టే మనిషి, ఈ ఒక్కదాన్ని ఎరుపులో ముంచేసింది.

అయితే ఏం. అది ఇంట్లోనే ఉంటుంది. ఎవరూ చూడక్కర్లేదు.

ఫిబ్రవరి 26

గరాజు నల్లా గడ్డకట్టి పగిలింది. బాగుచేశాను. రోజు గడిచింది.

మార్చి 6

మార్లిస్ అక్క ఆర్డిస్, గనుల ఊరు హిబ్బింగ్ నుంచి వచ్చింది. చెల్లెలి బట్టలు సర్ది చర్చికి ఇస్తానని ఎన్నాళ్లుగానో అంటోంది. నేను ఎన్నాళ్లుగానో సరే అంటున్నాను. మాంసం, దుంపలు కూరిన పాస్టీలు తెచ్చింది. కోటు విప్పకుండానే ఇల్లంతా ఒకసారి చూసి ముక్కు చిట్లించింది.

నేను బట్టల పెట్టెలు కారులో పెట్టి వచ్చేసరికి గాజు మూత సింకులో నురగలో ఉంది. ఆర్డిస్ ఎడమచేత్తో గార్డు పెట్టె పట్టుకుని, కుడిచేత్తో తడిగుడ్డ పెట్టి తుడుస్తోంది.

“ఆర్డిస్! ఏం చేస్తున్నావు?”

“ఏం చేస్తాను, దుమ్ము దులుపుతున్నాను. ఇల్లు తుడవడం మానేశావని తెలుసుగానీ మరీ ఇంత దుమ్మా? మూత కింద పెట్టిన దానికి కూడా! ఎక్కణ్ణించి దూరింది?”

“అది దుమ్ము కాదు.”

“దుమ్ము కాకపోతే మరేంటి? గుడ్డ చూడు, ఎలా ఎర్రబడిందో.”

“మార్లిస్ పెట్టింది.”

ఆమె గుడ్డవైపు చూసింది. పెట్టెను రెండు చేతులతో బల్ల మీద పెట్టింది. కుర్చీ లాక్కుని కూర్చుంది.

ఒక పక్క పొడి తలుపు నుంచి చివరి కిటికీ దాకా పోయింది. కొత్త బొమ్మలా మెరుస్తోంది.

బయటికి వెళ్లి దారి మీది మంచు తోశాను. పొద్దున తోసిన దారే.

మార్చి 7

ఆర్డిస్ రాత్రి ఇక్కడే ఉంది. పొద్దున కాఫీ దగ్గర తానే మొదలుపెట్టింది.

“నన్ను తిట్టు హార్లన్. తిట్టకుండా మంచు తోస్తూ తిరిగితే నాకు అన్నం సయించదు.”

“తిట్టడానికేముంది. తెలియక చేశావు.”

“ఇంకోటి చెప్తాను, దీనికైనా తిడతావేమో. నాన్న పెట్టె ఇంత ఎర్రగా ఉండేది కాదు. తుడవకముందు కూడా అనుకున్నాను.”

“తెలుసు.”

“అదే నాకు అర్థం కావట్లేదు. దాని చెయ్యి తప్పదే! నాన్న చొక్కా నీళ్లలో వేయకముందే చెప్పేది, ఇది మూడు నీళ్లకు పోతుంది, ఇది నాలుగు నీళ్లకు పోతుంది అని. మూడంటే మూడే. నేను అయిదు మార్చినా ఇంకా గులాబీరంగులోనే పిండి ఆరేసేదాన్ని. అమ్మ నన్ను కొట్టేది.”

“చివర్లో ఒంట్లో బాగాలేదు కదా.”

“సరేలే.” కప్పు తిప్పింది. “ఆ పక్క నువ్వే మళ్లీ పెట్టు.”

“నాకు రాదు.”

“అన్నేళ్లు చూసి కూడానా?”

“చూడలేదు. నేను కింద ఉండేవాణ్ణి.”

ఆర్డిస్ కప్పు పక్కకు జరిపింది.

“అయితే ఇప్పుడు నేర్చుకో. చెడగొట్టింది నేను, బాగుచేసేది నువ్వు. న్యాయం కాదనుకో. కానీ నా వేళ్లు చూడు, గుండీ పెట్టుకోవాలంటే పక్కింటావిణ్ణి పిలవాలి.”

మధ్యాహ్నం వెళ్లిపోయింది. వెళ్లే ముందు గాజు మూత ఆరబెట్టి, మెరిసేలా తుడిచి, దాని చోట దాన్ని పెట్టింది.

మార్చి 15

ఆమె సుద్దల డబ్బా తెరిచాను. మూశాను.

మార్చి 23

సరస్సు మీది పొగమంచు ఊళ్లోకి వచ్చింది. వీధి చివర కనబడటం లేదు.

పనికిరాని వ్యాగనొకటి తీసి దానికి తుప్పు పెట్టాను. గరాజులో పూత కొట్టాను. చూస్తుండగానే పాలు ఒలికినట్టు తెల్లబడింది. పూతలో తేమ చిక్కుకుంటే అంతే. నేను మొదటి నుంచీ చెబుతూనే ఉన్నాను. గోర్డీకి ఫోన్ చేశాను.

“ఈ పొగమంచులోనా కొట్టావు?”

“అవును.”

“గాలిలో తేమ ఉందని నిరూపించడానికా?”

తెల్లబడ్డ వ్యాగన్‌ను బల్ల మీద అటు తిప్పి పెట్టాను.

“ఇంజనీర్లందరూ ఇంతేనా, మా కౌంటీకి నువ్వొక్కడివే దొరికావా? అందుకే మన రోడ్లు అలా తగలడ్డాయి!”

ఫోన్ పెట్టేశాక నవ్వొచ్చింది. చప్పుడు వచ్చేలా నవ్వాను. వంటింట్లో ఆ చప్పుడు వింతగా ఉంది.

ఏప్రిల్ 4

గోర్డీ హీటరు వాడుకుంటున్నాను. ఇంకో పాత వ్యాగన్ మీద నేర్చుకుంటున్నాను. మొదటి విడత బాగా వచ్చిందనుకున్నాను. పూత ఆరాక చూస్తే ఏమీ లేదు, కడిగినట్టుంది. ఇంటికి తెచ్చి మళ్లీ పెట్టి, మళ్లీ తీసుకెళ్లాను.

“ఇక్కడే బల్ల ఉంది, దీపముంది,” అన్నాడు గోర్డీ. “ప్రతిసారీ ఇంటికెళ్లి రావడమెందుకు? పెట్రోలు దండగ.”

“పొడి పని వంటింట్లోనే.”

నేను బయల్దేరేసరికి కారు అద్దం మీది మంచు గీకి పెట్టాడు.

ఏప్రిల్ 9

నాలుగో విడతకు నిలిచింది. ఆమె పనితనం కాదు. కానీ తుప్పే అనిపిస్తుంది. ఎండలో పెట్టి చూశాను.

చూపించడానికి ఎవరూ లేరు కాబట్టి గోర్డీకి చూపించాను. “బతికావు,” అన్నాడు.

ఏప్రిల్ 12

తుడిచిపెట్టుకుపోయిన పక్కకు ఎంత పొడి పడుతుందో తెలియాలి. పూత లేకుండా, నాలుగు విడతల పొడీ ఒకేసారి పెడితే ఎలా ఉంటుందో చూద్దామని మరో వ్యాగన్ మీద పెట్టాను. నంబరు కనబడకుండా పోయింది. మొద్దు ఎరుపు. చెయ్యి బరువెక్కిన మనిషి పెట్టినట్టు.

గాజు మూత తీశాను. గార్డు పెట్టెను ఆమె పెట్టిన పక్క ఇటు తిప్పి, వ్యాగన్ దాని పక్కన పెట్టాను.

ఒకటే ఎరుపు.

కుర్చీలో కూర్చున్నాను. లేచి కిటికీ దగ్గరికి తీసుకెళ్లి పగటి వెలుతురులో చూశాను. ఒకటే.

ఆమె చెయ్యి బరువెక్కలేదు. చూపు అలుక్కుపోలేదు. నాలుగు విడతలూ ఒకేసారి పెట్టింది. పూత తినేది తినగా, మిగలాల్సింది మిగిలేలా పెట్టింది. పెట్టె మళ్లీ పైకి తన దగ్గరికి రాదని సెప్టెంబరులోనే లెక్కలోకి తీసుకుంది.

నాకు చెప్పలేదు. ఆ వారమే నేను విత్తనాల క్యాటలాగు పట్టుకుని, వసంతంలో పెరట్లో ఏం వేద్దామని ఆమెను అడుగుతున్నాను. బఠాణీ అంది. రెండు రకాలు ఎంచి గుర్తు పెట్టింది కూడా.

ఏప్రిల్ 13

ఏమీ రాయాలని లేదు.

ఏప్రిల్ 14

ఆర్డిస్‌కు ఫోన్ చేసి చెప్పాను. “మూడంటే మూడే అనేది,” అంది. మళ్లీ, “నువ్వు భోంచేశావా?” అని అడిగింది. చేశానన్నాను. అప్పటికి చేయలేదు.

ఏప్రిల్ 21

తుడుచుకుపోయిన పక్కకు పొడి పెట్టాను. అన్ని విడతలూ ఒకేసారి, ఆమె పెట్టినట్టే. పెట్టడం కంటే, ఇంక చాలని ఆపడం కష్టం. ఆమెది ఎక్కడ ఆగిందో, నాది ఎక్కడ మొదలైందో నాకు కనబడుతోంది. ఇంకెవరికీ కనబడకపోవచ్చు. లోరెన్‌కు కనబడుతుంది.

ఏప్రిల్ 28

పడమటి గాలి. ఎండ. వారం నుంచి వాన లేదు. గరాజు వెచ్చగా ఉంది.

వేయలేదు. కారణం లేదు.

ఏప్రిల్ 29

గోర్డీ ఫోన్. పచ్చది సిద్ధంగా పెట్టాడట. “మ్యూజియం వాళ్లు శనివారంలోగా రైలు మొత్తం కావాలంటున్నారు. నిన్ను తొందరపెట్టట్లేదు.”

“పెడుతున్నావు.”

“పెడుతున్నాను,” అన్నాడు.

మే 2

ఈ రోజు వేశాను.

డబ్బాను వేడినీళ్లలో ఉంచి, బాగా ఊపి, మొదటి తుంపర గోడకేసి కొట్టాను. తర్వాత పెట్టె మీదుగా, ఆగకుండా, ఒక చివర నుంచి ఇంకో చివరకు. తిప్పి రెండో పక్క. పైకప్పు. ఈ ఒక్కటీ నాకు వచ్చు.

తడవగానే ధూళంతా పోయింది. మసి పోయింది. తుప్పు పోయింది. నేను రంగు వేసిన పెట్టె తడిగా మిగిలింది. అలాగే అవుతుందని తెలుసు. ఎన్నో సార్లు చూశాను. అయినా ముఖానికున్న మాస్కు తీయకుండా అక్కడే నిలబడిపోయాను.

ఆరడం మెట్ల దగ్గర మొదలైంది. ముందు మెట్ల మూలల్లో ఎరుపు తేలింది. తర్వాత కిటికీల కింద. పొగగొట్టం పక్కన మసి సన్నటి చారగా దిగింది. ఆ తర్వాత నంబరు బయటపడింది, అన్ని అంకెలూ. ఎంత ఉండాలో అంతే ఎరుపు. లైను పక్కన నిలబడి అటువంటి పెట్టెలు పోతుంటే ఎన్నిసార్లు చూశానో. ఇలాగే ఉండేవి.

తలుపు పక్కన పైకెక్కేటప్పుడు పట్టుకునే కమ్మీ ఉంటుంది. దాని వెనకాల, గార్డు అరచెయ్యి తగిలే చోట, ధూళి లేదు. ఆ బొమ్మ కొలతకు అరచేతి వెడల్పున, ఆవగింజంత మేర, కింది రంగు తేటగా కనబడుతోంది. అక్కడ ఆమె పొడి తక్కువ పెట్టింది. అంత ఎరుపులో ఇన్నాళ్లూ నాకు కనబడలేదు. రోజూ ఆ కమ్మీ పట్టుకుని ఎక్కినాయన ఆమె నాన్న.

నేను పెట్టిన పక్క కమ్మీ వెనక కూడా ధూళి నిండా ఉంది. ఆ పక్క నుంచి ఎవరూ ఎక్కలేదు. దాన్ని అలాగే ఉంచేస్తాను.

ఇంకో విడత అక్కర్లేదు.

గోర్డీకి ఫోన్ చేసి, రేపు పొద్దున తెస్తానన్నాను. హమ్మయ్య అన్నాడు. పచ్చదాన్ని అట్టపెట్టెలో పడేస్తానన్నాడు. కాసేపాగి మళ్లీ ఫోన్ చేశాను.

“రేపు కాదు గోర్డీ, ఎల్లుండి.”

“ఏం, ఆరలేదా?”

“ఆరింది.”

అతను ఇంకేమైనా అంటాడని చూశాను.

“సరే,” అన్నాడు. “ఎల్లుండే తీసుకురా.”